మిథైల్ అయోడైడ్ గుణాలనూ బోధించాలి

సంపాదకులకు నమస్కారం.

మన రసాయనశాస్త్ర పాఠాల్లో మిథైల్ అయోడైడ్ ఒక సూత్రంగా కనిపించి మాయమవుతుందే తప్ప, దాని గుణాలను, ముఖ్యంగా ప్రమాదాన్ని, ఎవరూ విడమరిచి చెప్పడం లేదు. ఒక కార్బన్, మూడు హైడ్రోజన్, ఒక అయోడిన్ పరమాణువులు గల ఈ ద్రవం నీటికంటే రెండు రెట్లకు పైగా బరువైనదైనా సుమారు 42 డిగ్రీల సెల్సియస్ వద్దే మరుగుతుంది కాబట్టి, మూత తీయగానే విషపు ఆవిరి గాలిలో కలుస్తుంది. కార్బన్-అయోడిన్ బంధం బలహీనంగా ఉండటం వల్ల ఇది మిథైల్ సమూహాన్ని (ఒక కార్బన్, మూడు హైడ్రోజన్ల జట్టును) ఇతర అణువులకు సులువుగా అందిస్తుంది. ప్రయోగశాలలో దీన్ని ఇంతగా వాడటానికి కారణం అదే, దేహంలోని ప్రోటీన్లను మార్చి నాడీవ్యవస్థకు చేటు చేయడానికి కారణమూ అదే. వెలుతురు తగిలితే అయోడిన్ విడివడి రంగు మారుతుంది గనుక ముదురు సీసాలో, రాగి తీగ ముక్క వేసి భద్రపరుస్తారు.

సముద్రపు నాచు, వరి మడులు కూడా దీన్ని స్వల్పంగా వెలువరిస్తాయనేది నాకు ఎప్పటికీ ఆశ్చర్యమే. ఓజోన్ పొరకు హాని చేసే మిథైల్ బ్రోమైడ్‌కు బదులుగా సాగునేలలోని చీడపీడలను చంపడానికి అమెరికా 2007లో దీన్ని అనుమతించగా, శాస్త్రవేత్తల తీవ్ర అభ్యంతరాల నడుమ తయారీదారు 2012లో అక్కడి మార్కెట్ నుంచి ఉపసంహరించుకున్నారు.

ఇట్లు,
ఒక రసాయనశాస్త్ర అధ్యాపకుడు