2023 జూన్ - 2024 ఫిబ్రవరి మధ్య మా దగ్గర సర్వర్ కొన్నవారికి

నమస్కారమండీ. 2023 జూన్ నుంచి 2024 ఫిబ్రవరి దాకా మా దుకాణం నుంచి 'ఆఫీస్ సర్వర్' పేరుతో పద్నాలుగు మెషిన్లు వెళ్లాయి. డయాగ్నస్టిక్ ల్యాబులు, రైస్ మిల్లులు, ఒక చిట్‌ఫండ్ కంపెనీ, ఆడిటర్ల ఆఫీసులు, ఒక జూనియర్ కాలేజీ తీసుకున్నారు. ఆ పద్నాలుగింటిలోనూ పెట్టింది డెస్క్‌టాప్ మదర్‌బోర్డు, ఈసీసీ (మెమరీలో వచ్చే తప్పును పట్టుకుని దిద్దే ఏర్పాటు) లేని ర్యామ్. బిల్లు మీద మాత్రం సర్వర్ అని రాశాం. అది నా తప్పు. బోర్డు, ర్యామ్ రెండూ మా ఖర్చుతో మార్చి ఇస్తున్నాం. అసలేం జరిగిందో మీకు తెలియాలి కాబట్టి మొత్తం చెబుతాను.

పోయిన అక్టోబరులో ఒక ల్యాబ్ నుంచి ఫోన్ వచ్చింది. అక్కడ రిపోర్టులు టైపు చేసే అమ్మాయి ఒక గర్భిణి రక్తపరీక్ష రిపోర్టు ప్రింటు తీస్తే హిమోగ్లోబిన్ 19.2 అని వచ్చింది. గర్భిణికి అంత ఉండదే అని అనుమానం వచ్చి, రక్తపరీక్ష మెషిన్ నుంచి వచ్చిన చీటీ వెతికి చూసింది. అందులో 11.2 ఉంది. పొద్దున తను టైపు చేసిందీ 11.2నే. సాఫ్ట్‌వేర్ వాళ్లను అడిగితే లాగ్ తీసి చూపించారు, ఆ రికార్డును ఎవరూ దిద్దలేదు. ఆ అమ్మాయి గమనించకపోతే ఆ కాగితం డాక్టరు దగ్గరికి వెళ్లిపోయేది. రక్తం బాగా ఎక్కువుందనుకుని ఐరన్ మాత్రలు రాయకుండా ఇంటికి పంపించే ప్రమాదం ఉండేది.

నేను వెళ్లి కూర్చున్నాను. పాత చీటీలన్నీ ముందేసుకుని డేటాబేస్‌తో పోల్చాం. ఇంకో రెండు తేడాలు దొరికాయి. ఒక పేషెంటు వయసు 21 కాస్తా 29 అయింది. ఒక బిల్లు నంబరు చివర ఉండాల్సిన 0, 8 అయింది. మూడూ కాగితం మీద రాసుకున్నాక గాని నాకు తట్టలేదు: మూడింటిలోనూ తేడా ఎనిమిదే. కంప్యూటర్ '1' అనే గుర్తును 49గా, '9'ని 57గా దాచుకుంటుంది. బిట్లలో, అంటే సున్నాలు, ఒకట్లలో రాస్తే మొదటిది 00110001, రెండోది 00111001. ఒక్కచోట సున్నా ఒకటయితే చాలు, 11.2 కాస్తా 19.2 అవుతుంది. మూడుసార్లూ మారింది అదే బిట్టు.

ఆ రాత్రి సర్వర్ మీద మెమరీ టెస్టు పెట్టాం. ఏసీ నడిచినంతసేపూ ఒక్క తప్పూ లేదు. పదకొండింటికి ల్యాబ్ మూసి ఏసీ ఆపారు. మెట్ల కింద చిన్న గది, తలుపు వేసి ఉంటుంది. రెండు దాటాక తప్పులు మొదలయ్యాయి. తెల్లారేసరికి నాలుగు. మెమరీలో నాలుగూ వేర్వేరు చోట్ల వచ్చాయి గాని బిట్టు మాత్రం ఒకటే. ర్యామ్ స్టిక్ తీసి భూతద్దంతో చూస్తే ఒక చిప్ అంచున టంకం సరిగ్గా పట్టలేదు. వేడికి ఆ అతుకు వదులై, చల్లారాక మళ్లీ తగులుతోంది.

ర్యామ్ స్టిక్ పాడవడం ఎవరికైనా జరుగుతుంది. దానికి నేను క్షమాపణ చెప్పనక్కరలేదు. పాడైన సంగతి ఎవరికీ తెలియకుండా పోయిందే, అక్కడ ఉంది నా బాధ్యత. సర్వర్లలో వాడే ఈసీసీ ర్యామ్‌లో డేటాతోపాటు తనిఖీ కోసం అదనపు బిట్లు ఉంటాయి. డేటా చదివే ప్రతిసారీ మెషినే వాటితో సరిచూస్తుంది. ఒక బిట్టు మారితే అక్కడికక్కడే సరిదిద్ది, ఫలానా స్లాట్‌లో ఫలానా సమయానికి తప్పొచ్చిందని లాగ్‌లో రాస్తుంది. రెండు బిట్లు మారితే దిద్దలేదు గాని పట్టుకుంటుంది, మెషిన్‌ను ఆపేస్తుంది. ఆ ల్యాబులో ఈసీసీ ఉండి ఉంటే 11.2, 11.2గానే ఉండేది. స్టిక్ మార్చాలన్న కబురు మొదటిరోజే మాకు అందేది.

ఆ ల్యాబ్ డాక్టరుగారు కోప్పడలేదు. "సర్వర్ అని బిల్లు రాశారు కదండీ, ఇలాంటివి జరగకుండా చూడటానికే కదా సర్వర్ అంటే?" అని మాత్రం అడిగారు. ఆ మాట ఇంకా నాతోనే ఉంది.

ఇక చిప్‌సెట్ సంగతి. ప్రాసెసర్‌ను మిగతా భాగాలతో కలిపే, బోర్డు మీది చిప్ ఇది. దీన్ని చాలామంది పట్టించుకోరు. నేనూ పట్టించుకోలేదు. కొటేషన్‌లో అందరూ చూసేది ప్రాసెసర్ పేరు, ర్యామ్ ఎన్ని జీబీ, డిస్క్ ఎంత అన్న మూడే. బోర్డు మీది చిప్‌సెట్ ఏదని ఎవరూ అడగరు. మీకిచ్చిన వాటిలో ప్రాసెసర్ ఇంటెల్ కోర్ ఐ5-13500, చిప్‌సెట్ బీ760. ఆ ప్రాసెసర్‌కు ఈసీసీ ర్యామ్ నడిపే శక్తి ఉంది. కాని డబ్ల్యూ680 చిప్‌సెట్ ఉన్న బోర్డు మీద పెడితేనే ఆ శక్తి పనిచేస్తుంది. బీ760 మీద పెడితే పనిచేయదు. ప్రాసెసర్ అదే, సాకెట్ అదే, ఆ శక్తి మాత్రం ఎందుకూ పనికిరాదు. ఇంటెల్ ఇలా గీత గీయడం కొత్తేమీ కాదు. 2015లో ఇంటెల్ సర్వర్ ప్రాసెసర్ జియాన్ ఈ3 వీ5 వచ్చినప్పటి నుంచి ఆ వరస జియాన్లు మామూలు డెస్క్‌టాప్ చిప్‌సెట్ల మీద అసలు నడవవు, సీ230 వరస బోర్డే కావాలి.

ఈ సంగతి నాకు 2023లో తెలుసు. తెలిసీ బీ760 పెట్టాను. అప్పట్లో బెజవాడలో ఐదారుగురం ఒకే కొటేషన్ కోసం పోటీ పడేవాళ్లం. డబ్ల్యూ680 బోర్డు వేస్తే మా రేటు పక్కవాడి రేటుకంటే చాలా ఎక్కువ కనిపించేది. ఆర్డర్ పోతుందన్న భయంతో దిగజారాను. డీడీఆర్5 ర్యామ్‌లో 'ఆన్-డై ఈసీసీ' ఉంటుంది కదా, అది చాలులే అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. అది చాలదు. అది చిప్ లోపలి కణాల్లో వచ్చే తప్పులను లోపలే దిద్దుకుంటుంది, అంతే. చిప్ నుంచి ప్రాసెసర్ దాకా వెళ్లే దారిలో ఏం జరిగినా దానికి తెలియదు, దిద్దినదాన్ని కూడా ఎవరికీ చెప్పదు. ల్యాబులో పాడయింది సరిగ్గా ఆ దారే. ఇప్పుడూ మార్కెట్‌లో ఎవరైనా 'డీడీఆర్5 కాబట్టి ఈసీసీ ఉన్నట్టే' అంటే నమ్మకండి.

చిప్‌సెట్ ఎంత ముఖ్యమో 2011లోనే లోకానికి ఒకసారి తెలిసింది. ఆ ఏడాది జనవరి నెలాఖరులో ఇంటెల్ తన 6 సిరీస్ చిప్‌సెట్‌లో లోపం ఉందని ఒప్పుకుని సరఫరా ఆపేసింది. అందులో డిస్కులు తగిలించే 3 గిగాబిట్ల సాటా పోర్టులు వాడేకొద్దీ బలహీనపడేవి, డిస్కులు మందగించి తప్పులిచ్చేవి. బాగుచేయడానికీ మార్చి ఇవ్వడానికీ 70 కోట్ల డాలర్లు అవుతుందని ఆ కంపెనీయే అంచనా చెప్పింది. ప్రాసెసర్‌లో ఏ లోపమూ లేదు.

ఇకమీదట మా దగ్గర సర్వర్ అన్న మాట రాశామంటే ఈసీసీ ర్యామ్, దాన్ని నడిపే చిప్‌సెట్ ఉంటాయి. చిన్న ఆఫీసులకు ఇప్పుడు మేం చూపిస్తున్నవి రెండు దారులు: 2023 చివర్లో వచ్చిన జియాన్ ఈ-2400 వరస, లేదా 2024 మేలో వచ్చిన ఏఎండీ ఎపిక్ 4004 వరస. రెండోది ఏఎండీ డెస్క్‌టాప్ ప్రాసెసర్లు రైజెన్‌ల సాకెట్‌లోనే కూర్చుంటుంది, అందువల్ల ఖర్చు కాస్త అదుపులో ఉంటుంది. ఎపిక్ పెద్దన్నలు 9000 వరస మీకు అక్కర్లేదు. ఇరవైమంది వాడే ఆఫీసుకు అది తలకుమించిన భారం.

కోర్ల (ప్రాసెసర్‌లో విడివిడిగా పనిచేసే భాగాల) విషయంలో కూడా ఒక మాట. ఎన్ని కోర్లుంటే అంత మంచిది అనుకుని వచ్చేవాళ్లు చాలామంది. విండోస్ సర్వర్ స్టాండర్డ్ లైసెన్సు కోర్ల లెక్కన కొనాలి, ఒక సర్వర్‌కు కనీసం 16 కోర్లకు. ఎనిమిది కోర్లున్నా పదహారుకే కట్టాలి, ఇరవై నాలుగు ఉంటే మిగతా ఎనిమిదికీ అదనంగా కట్టాలి. అకౌంట్ల సాఫ్ట్‌వేర్‌కు, ల్యాబ్ సాఫ్ట్‌వేర్‌కు కావలసింది ఒక్కో కోర్ వేగం. ఎనిమిది వేగమైన కోర్లు తీసుకుని మిగిలిన డబ్బు ర్యామ్‌కు, కరెంటు పోయినా డేటా కోల్పోని కెపాసిటర్లున్న ఎస్‌ఎస్‌డీలకు పెట్టమని చెబుతాను.

హైదరాబాద్ నుంచి వచ్చే సెకండ్‌హ్యాండ్ సర్వర్ల గురించి కూడా అడుగుతున్నారు. జియాన్ ఈ5 వీ3, వీ4 ఉన్నవి తక్కువ ధరకు దొరుకుతాయి, ఈసీసీ ఉంటుంది, పవర్ సప్లయిలు రెండుంటాయి. డేటా భద్రత వరకే చూస్తే మీకు నేను 2023లో ఇచ్చిన కొత్త మెషిన్ కంటే అదే నయం. ఈ మాట రాయడం నాకు కష్టంగానే ఉంది. కాని అవి 2014, 2016 నాటి ప్రాసెసర్లు. ఊరికే ఉన్నా 150 వాట్లు తాగితే నెలకు 108 యూనిట్లు. ఫ్యాన్ల హోరు ఆఫీసు గదిలో భరించలేరు. విడిగా గది, వెనక స్పేర్ మెషిన్ ఉన్నవాళ్లకైతే ఇస్తాం.

ఏఎంసీ (ఏడాది సర్వీసు ఒప్పందం) విషయానికి వస్తే, ఇన్నాళ్లూ మా కుర్రాళ్లు వచ్చి బ్లోయర్‌తో దుమ్ము కొట్టి, కాగితం మీద సంతకం పెట్టించుకుని వెళ్లేవారు. మన ఊరి దుమ్ముకు అది అవసరమే. కాని అది సర్వీసులో నాలుగో వంతు కూడా కాదు. జనవరి నుంచి ప్రతి విజిట్‌లో మెమరీ లాగ్ చదివి, డిస్కులు ఎన్ని గంటలు నడిచాయో రాసి, కరెంటు తీసేసి యూపీఎస్ ఎంతసేపు మోస్తుందో చూసి, బ్యాకప్ నుంచి ఒక ఫైల్ నిజంగా వెనక్కి తెచ్చి మీ ముందు తెరిచి చూపిస్తారు. ల్యాబ్‌లో బ్యాకప్ రోజూ తీస్తూనే ఉన్నాం, కాని 19.2 ఆ బ్యాకప్‌లోకి కూడా వెళ్లిపోయింది. అందుకే ఇప్పుడు ఒక్క కాపీ కాకుండా ముప్పై రోజుల కాపీలు విడివిడిగా ఉంచుతున్నాం.

ఫర్మ్‌వేర్ (భాగాల లోపలే ఉండి వాటిని నడిపే ప్రోగ్రాం) అప్‌డేట్లంటే మనలో చాలామందికి భయం, నడుస్తున్నదాన్ని ఎందుకు కదపడం అని. 2019 నవంబరులో సర్వర్లు తయారుచేసే హెచ్‌పీఈ కంపెనీ ఒక హెచ్చరిక ఇచ్చింది. వాళ్ల సర్వర్లలోని కొన్ని ఎస్‌ఎస్‌డీలు సరిగ్గా 32,768 గంటలు నడిచాక ఆగిపోతాయి, డేటా మళ్లీ రాదు. అంటే 3 ఏళ్ల 270 రోజుల 8 గంటలు. ఫర్మ్‌వేర్‌లో గంటలు లెక్కపెట్టే చోట జరిగిన పొరపాటు అది. ఒకే రోజు కొని రెయిడ్‌లో (ఒకే డేటాను రెండింటిలోనూ ఉంచే ఏర్పాటులో) పెట్టిన రెండు డిస్కులు ఒకేసారి ఆ గంటకు చేరతాయి, ఒకటి పోతే ఇంకొకటి కాపాడుతుందన్న ధీమా ఉండదు. విరుగుడు ముందుగా అప్‌డేట్ వేసుకోవడమే. అందుకే మేం కూడా ఇకపై రెయిడ్ డిస్కులు రెండు వేర్వేరు బ్యాచ్‌లవి తెస్తాం. మూడు నెలలకోసారి, బ్యాకప్ తీశాక, ఆదివారం పూట ఫర్మ్‌వేర్ చూస్తాం.

సర్వర్ నేలమీద పెట్టొద్దని కూడా బతిమాలుతున్నాను. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు సింగ్‌నగర్‌లో ఒక కస్టమర్ మెషిన్ టేబుల్ కింద ఉండి మునిగింది. నీళ్లు తీశాక విప్పి చూస్తే ర్యామ్ స్లాట్లలో బురద ఎండి గట్టిపడి ఉంది, గోటితో గీకితే పెచ్చులుగా లేచింది. అంత వరద మళ్లీ రాకపోవచ్చు. గోడకు బ్రాకెట్ కొట్టి నడుము ఎత్తులో పెట్టడానికి మేం డబ్బులు తీసుకోం. తలుపు మూసిన గదైతే గాలి ఆడేలా జాలీ పెట్టించండి. సర్వర్లకు 18 నుంచి 27 డిగ్రీల మధ్య గాలి మంచిదని చెబుతారు, మన మే నెలలో మూసిన గదిలో ఆ అంకె దరిదాపుల్లోకి కూడా రాదు.

ఇప్పుడు మార్పిడి సంగతి. పద్నాలుగులో మూడు అయిపోయాయి, మొదటిది ఆ ల్యాబుదే. మిగిలిన పదకొండు ఆలస్యం కావడానికి కారణం ర్యామ్ ధరలు. ఏఐ డేటా సెంటర్ల గిరాకీకి మెమరీ చిప్‌లు అటే వెళుతున్నాయి. 2025 డిసెంబరులో మెమరీ చిప్‌లు చేసే మైక్రాన్ కంపెనీ తన క్రూషియల్ బ్రాండ్‌తో మామూలు వినియోగదారులకు అమ్మడం ఆపేస్తున్నట్టు ప్రకటించింది. నిరుడు వేసవిలో నేను కొన్న స్టిక్‌కు ఇప్పుడు రెట్టింపు కంటే ఎక్కువ అడుగుతున్నారు. పదకొండింటికీ ఒకేసారి కొనే శక్తి మాకు లేదు. నెలకు మూడు చొప్పున చేస్తాం. ముందు ల్యాబులు, తర్వాత చిట్‌ఫండ్, ఆడిటర్లు, చివర్న మిల్లులు, కాలేజీ. ఈ వరస మీలో కొందరికి నచ్చకపోవచ్చు, కాని తప్పు అంకె వల్ల మనిషికి హాని జరిగే చోటు ముందు చూడాలి. మీ వంతు వచ్చేదాకా నెలకోసారి రాత్రి మెమరీ టెస్టు పెడతాం, దానికి చార్జీ లేదు. ఆగలేం, డబ్బు వెనక్కి ఇచ్చేయండి అన్నవారికి బోర్డు, ర్యామ్‌లకు బిల్లులో వేసిన మొత్తం ఇస్తాం.

ఈ పద్నాలుగు మెషిన్లకు ఏఎంసీ రేటు ఈ ఏడాది పెంచం. మిగతావారికి ఏప్రిల్ నుంచి పెరుగుతుంది, పైన చెప్పిన పనులకు విజిట్‌కు మూడు గంటలు పడుతుంది కాబట్టి.

మీ మెషిన్ ఆ పద్నాలుగులో ఉందో లేదో తెలియాలంటే క్యాబినెట్ వెనక అతికించిన మా స్టిక్కర్ ఫొటో తీసి వాట్సాప్‌లో పంపండి, అదేరోజు జవాబిస్తాం. బోర్డు మార్చడానికి ఆదివారం ఉదయం నుంచి నాలుగైదు గంటలు పడుతుంది. ప్రాసెసర్, డిస్కులు మీవే ఉంటాయి. బోర్డు మారితే విండోస్ మళ్లీ యాక్టివేట్ చేయమని అడగొచ్చు, లైసెన్సు కాగితం దగ్గర పెట్టుకోండి. ముందురోజు రాత్రి చివరి బ్యాకప్ మేమే తీసి, రెండు డిస్కుల మీద పెట్టి, ఒకటి మీ చేతికిస్తాం. ఆ ఉదయం అడ్మిన్ పాస్‌వర్డ్ తెలిసిన మనిషి ఒకరు ఆఫీసులో ఉంటే చాలు.