వెల్లుల్లి కట్టుకుని కాల్చుకున్నాను

ఎడిటర్ గారికి,

మీ ఆదివారం పేజీలో తామరకు వంటింటి వైద్యం అని వేశారు. వెల్లుల్లి నూరి రాత్రంతా కట్టుకోమన్నారు. దయచేసి ఆ మాట వెనక్కి తీసుకోండి. నేను కట్టుకున్నాను. తెల్లారేసరికి తొడ మీద రూపాయి బిళ్లంత బొబ్బ లేచింది. మచ్చ ఇప్పటికీ ఉంది.

రాజమండ్రిలో ఆటో నడుపుతాను. మే నెల ఎండలో రెగ్జిన్ సీటు మీద పది గంటలు కూర్చుంటే గజ్జల్లో చెమట ఆరదు. మాలాంటివాళ్లకు తామర పట్టేది అక్కడే. గుండ్రంగా మొదలవుతుంది. అంచు ఎర్రగా, కాస్త లేచి, పొట్టు రాలుతుంటుంది. మధ్యలో మాత్రం మానినట్టే కనపడుతుంది. చెమట పట్టిందంటే దురద ప్రాణం తీస్తుంది. ఎవరికి చూపిస్తాం? స్టాండులో చెబితే నవ్వుతారు, ఇంట్లో చెప్పడానికి సిగ్గు.

మా అమ్మ కడియంలో నర్సరీ పనికి వెళ్తుంది. నేను గోక్కోవడం చూసి తనే అడిగింది. మర్నాడు మెట్టతామర ఆకు కోసుకొచ్చింది. పసుపుపచ్చ పూలు కొవ్వొత్తుల్లా నిలబడే చెట్టది. నూరి పసరు రాసుకుంటే, అబద్ధమెందుకు, వారంలో దురద తగ్గింది. తగ్గింది కదా అని మానేశాను. అదే ఖాకీ ప్యాంటు, రెండు రోజులకోసారి ఉతుకు. మళ్లీ వచ్చింది. వెల్లుల్లి సంగతి అప్పటిదే.

పుండు మానాక మందుల షాపుకెళ్లాను. చీటీ అడగలేదు, ఓ ట్యూబు చేతిలో పెట్టారు. రెండు రోజుల్లో దురద మాయం! స్టాండులో నలుగురికి దాని పేరు నేనే చెప్పాను, ఆ పాపం నాదే. ఆపితే తిరగబెట్టేది, ఇంకో ట్యూబు కొనేవాణ్ణి. ఐదు నెలల్లో నడుం దాకా పాకింది, చర్మం పలచబడి చారలు పడ్డాయి. మా ఆవిడకీ, చంటాడికీ అంటింది. ఇంటికంతటికీ ఒకటే తువ్వాలు మరి.

చివరికి చర్మం డాక్టరమ్మ గారి దగ్గరికెళ్తే ట్యూబు చూసి తిట్టారు. అందులో స్టెరాయిడ్ ఉందట. అది ఎరుపునీ దురదనీ అణిచిపెడుతుంది, తామర తెచ్చే ఫంగస్ మాత్రం హాయిగా పెరుగుతుంది. ఇలాంటి క్రీములు చీటీ లేకుండా అమ్మకూడదని 2018లోనే కేంద్రం రూలు పెట్టిందట. రూలు ఉంది, ట్యూబూ ఉంది. ముగ్గురికీ ఒకేసారి మందు మొదలుపెట్టారు. మచ్చ అంచు దాటి రెండు వేళ్ల మేర రాయాలి, తగ్గినట్టు కనపడ్డాక కూడా రెండు వారాలు ఆపకూడదు. బట్టలు వేడినీళ్లలో ఉతికి, తిరగేసి ఎండలో ఆరేయాలి. ఎవరి తువ్వాలు వాళ్లదే. మొత్తం రెండు నెలలు పట్టింది.

అమ్మ ఆకు గురించి కూడా అడిగాను. ఎగతాళి చేస్తారనుకున్నా, చేయలేదు. ఫిలిప్పీన్స్‌లో ఆ ఆకుతోనే తామరకు లోషన్ తయారు చేస్తారట. కానీ ఇంట్లో నూరిన పసరులో మందు ఎంతుందో ఎవరికీ తెలియదని, ఇంతలా పాకాక దాన్ని నమ్ముకోవద్దని అన్నారు. వేపాకు నీళ్లతో కడుక్కుంటే కడుక్కో, తర్వాత తడి లేకుండా తుడుచుకో అన్నారు. వెల్లుల్లి, కిరసనాయిలు, బ్యాటరీ యాసిడ్ మాత్రం ముట్టుకోవద్దన్నారు. (యాసిడ్ ఎవరు రాసుకుంటారని నవ్వకండి. మా స్టాండులో ఒకడున్నాడు.)

ఇంకొకటి. మా స్టాండులోనే ఒక పెద్దాయన చేతి మీద పాలిపోయిన మచ్చకు తామరనుకుని మూడు నెలలు కానుగ నూనె రాశాడు. దురద లేదు, పొట్టు లేదు. ఓరోజు బీడీ నిప్పు దాని మీద రాలినా ఆయనకు తెలియలేదు. ప్రభుత్వాసుపత్రిలో చూపిస్తే కుష్టు అన్నారు. మాత్రలు ఉచితంగానే ఇచ్చారు, ఆరు నెలలు మింగాడు, నయమైంది. ఇప్పుడు నా వెనకే ఆటో పెడుతున్నాడు.

అందుకని, దురద లేకుండా స్పర్శ తెలియని మచ్చ ఉంటే ఏ ఆకూ రాయకుండా ఆసుపత్రికి వెళ్లమని ఒక్క లైను వేయండి. వెల్లుల్లి వద్దని ఇంకో లైను. రెండూ ఆదివారం పేజీలోనే, చిట్కా వేసినంత పెద్ద అక్షరాల్లో వేయండి. మా స్టాండులో పేపరు ఆ పేజీతోనే మొదలుపెడతారు.

ఇట్లు,
ఒక ఆటో డ్రైవర్, రాజమహేంద్రవరం