బుజ్జమ్మకు, వ్యాన్ అద్దం గురించి

కావలి,
డిసెంబరు 2

చిరంజీవి బుజ్జమ్మకు నాన్న ఆశీస్సులు.

ఇక్కడ అందరం బాగున్నాం. చలికి నాయనమ్మ మోకాళ్ల నొప్పులు కొంచెం ఎక్కువయ్యాయి. వాన ఎప్పుడు పడుతుందో తెలియక మీ అమ్మకు మిరపకాయలు ఎండకు పెట్టడం, లోపలికి తేవడం, ఇదే పనైపోయింది. నువ్వు ఫోన్ ఎత్తడం లేదు కాబట్టి ఈ ఉత్తరం గోంగూర పచ్చడి పార్సిల్‌లో పెడుతున్నాను. పచ్చడి కోసమైనా పెట్టె విప్పుతావు కదా.

ఆదివారం శీను వచ్చాడు. బెంగళూరులో నిన్ను కలిశానన్నాడు. నీ వ్యాన్ ఎడమ పక్క కిటికీ అద్దం తలుపు లోపలికి జారిపోయిందని, అట్ట పెట్టి టేప్ వేసి తిప్పుతున్నావని ఫోటో చూపించాడు. ఇంకో మాట కూడా అన్నాడు, వ్యాన్ అమ్మకానికి పెట్టావని. వాడి మాట ఎంతవరకు నమ్మాలో మనకు తెలుసు. అయినా వ్యాన్ నీది, నీ కష్టంతో కొన్నావు. అమ్మినా ఉంచినా నీ ఇష్టం. నేను రాస్తున్నది అద్దం గురించే.

ముందు ఆ అట్ట తీసెయ్. దాంతో ఎడమ పక్క మిర్రర్ నీకు కనపడదు. బెంగళూరులో టూవీలర్లన్నీ ఆ పక్కనుంచే దూరతాయి. ప్లాస్టిక్ కవరైనా పరవాలేదు, అవతల ఏముందో కనపడాలి. తెల్లవారుజామున భోజనం కారియర్లు వేసుకుని బయల్దేరే దానివి, మంచు టైము, నువ్వు జాగ్రత్తగానే నడిపినా ఎదుటివాడు నడపాలి కదమ్మా.

శీను చెప్పినదాన్ని బట్టి స్విచ్ నొక్కితే తలుపులో మోటారు తిరిగే శబ్దం వస్తోంది, అద్దం మాత్రం కదలడం లేదు. అదే నిజమైతే భయపడే పనేమీ లేదు. ఫ్యూజు బాగుంది, స్విచ్ బాగుంది, మోటారు బాగుంది. పోయింది మోటారుకీ అద్దానికీ మధ్యలో ఉన్న రెగ్యులేటర్. మోటారు దగ్గర చిన్న డ్రమ్ము ఉంటుంది, దాని మీద సన్నటి స్టీలు కేబుల్ చుట్టి ఉంటుంది. పైనా కిందా ప్లాస్టిక్ కప్పీలు. కేబుల్‌కు బిగించిన ప్లాస్టిక్ క్లిప్పు అద్దాన్ని పట్టుకుని పైకీ కిందికీ లాగుతుంది. ఏళ్ల తరబడి ఎండకు ఆ ప్లాస్టిక్ పెళుసెక్కి విరుగుతుంది, లేదా కేబుల్ పోగులు పోగులుగా తెగి డ్రమ్ములో చిక్కుకుంటుంది. గరగరమంటుంటే కేబుల్ అనుకో. ఏదైనా సరే, ఇక స్విచ్ నొక్కి నొక్కి చూడకు. మోటారు వేడెక్కి ఆగిపోతుంది, బాగున్నది కూడా పాడవుతుంది.

శబ్దమే రాకపోతే కథ వేరు. మన వ్యాన్‌కు అలాగే అయింది, 2021 నవంబరులో. నాయనమ్మ కంటి ఆపరేషన్‌కని నెల్లూరు వెళ్లాం కదా. సోమశిల నుంచి వదిలిన నీళ్లకు పెన్న పొంగి కోవూరు దగ్గర హైవే తెగింది, పడుగుపాడు దగ్గర రైలు కట్ట కొట్టుకుపోయింది. కావలికి వచ్చే దారే లేదు. ఎటునుంచైనా పోనిస్తారేమో అడుగుదామని అద్దం దించాను, మళ్లీ అది పైకి రాలేదు. జోరున వాన. వెనక సీట్లో నాయనమ్మ కంటికి కట్టుతో కూర్చుంది. ఆ కంట్లో చుక్క నీళ్లు పడకూడదని డాక్టరు అంతగా చెప్పి పంపాడు. మీ అమ్మ తన కొంగు తీసి ఆమె తలకు చుట్టింది. వెనక్కి తిప్పి వేదాయపాళెంలో చిన్నమ్మ వాళ్లింటికి పోయాం.

మర్నాడు అక్కడ వీధి చివర మెకానిక్ వచ్చి స్విచ్ నొక్కి చూసి, మోటారు పోయింది, సెట్టు మొత్తం మార్చాలి, చెన్నై నుంచి తెప్పించాలి అన్నాడు. తలుపు విప్పను కూడా విప్పలేదు. నాకు నచ్చలేదు. డిపోలో అంతకాలం పనిచేసినవాడిని, విప్పకుండా పోయిందంటే నేనెట్లా ఒప్పుకుంటాను? చిన్నమ్మ వాళ్ల షెడ్డులో బండి పెట్టి మొదలుపెట్టాను. ఫ్యూజు తీసి అదే ఆంపియర్‌ది ఇంకోటి పెట్టాను, ఏమీ లేదు. తలుపు లోపలి పక్క డోర్ ప్యాడ్ ఊడదీసి మోటారు సాకెట్‌కు టెస్ట్ ల్యాంప్ పెట్టాను, వెలగలేదు. అంటే మోటారు దాకా కరెంటే రావడం లేదు. అప్పుడు చిన్నాన్నను స్విచ్ నొక్కి పట్టుకోమని, తలుపు మెల్లగా తీస్తూ మూస్తూ పోయాను. ఒకచోట ల్యాంప్ ఒక్క క్షణం మెరిసింది. తలుపుకీ బాడీకీ మధ్య రబ్బరు గొట్టం ఉంటుంది చూడు, తలుపు తీసినప్పుడల్లా దాంట్లో వైర్లు వంగుతుంటాయి. ఆ గొట్టం వెనక్కి లాగి చూస్తే వైర్లన్నీ పైకి బాగానే ఉన్నాయి. ఒక్కొక్కటీ రెండు వేళ్లతో పట్టుకుని లాగాను. అన్నీ బిగువుగా ఉన్నాయి, ఒక పచ్చ వైరు మాత్రం సాగింది. పైన తొడుగు చెక్కుచెదరలేదు, లోపల రాగి తెగిపోయింది. ఆ ముక్క కత్తిరించి, అదే మందం కొత్త వైరు కొంచెం పొడవుగా వేసి, చిన్నాన్న టంకం వేస్తే స్లీవ్ తొడిగి మూసేశాను. అద్దం పైకి వెళ్లింది. అయిన ఖర్చు మూరెడు వైరు. నాయనమ్మ నల్లద్దాలు పెట్టుకుని కుర్చీలో కూర్చుని, అది అక్కడ పెట్టు, ఇది ఇక్కడ పెట్టు అంటూనే ఉంది.

ఆ రోజంతా నువ్వు గంటకోసారి ఫోన్ చేశావు. నా చేతులు ఖాళీ లేక ఎత్తకపోతే అమ్మకు, అమ్మ ఎత్తకపోతే చిన్నమ్మకు. కొత్త ఉద్యోగంలో ఉండి కూడా, మీటింగులోనుంచి బయటికొచ్చి మరీ చేశావు. మేం తిన్నామా, నాయనమ్మ కంటి మందు చుక్కలు వేశారా అని. అలాంటి పిల్లవు దీపావళి తర్వాత ఒక్క మాట లేదు. పనిలో పడి ఉంటావు, నాకు తెలుసు.

సరే, నీ అద్దం సంగతి. ముందు బ్యాటరీ నెగటివ్ తీగ తీసెయ్. స్విచ్ పనిచేయించాల్సినప్పుడు మాత్రం పెట్టుకో. లోపలి హ్యాండిల్ వెనక, చేత్తో లాగే గుంటలో చిన్న మూత కింద స్క్రూలుంటాయి. అవి తీశాక చుట్టూ క్లిప్పులే. స్క్రూడ్రైవర్‌కు గుడ్డ చుట్టి క్లిప్పు పక్కనే పెట్టి లేపు, మధ్యలో పట్టుకుని గుంజితే ప్యాడ్ చీలుతుంది. క్లిప్పులన్నీ ఊడాక ప్యాడ్‌ను పైకి ఎత్తి తియ్యాలి. ఒక్కసారిగా లాగకు, వెనక స్విచ్ వైర్లు, హ్యాండిల్ కడ్డీ తగులుకుని ఉంటాయి. ప్రతి మెట్టు దగ్గరా ఫోటో తీసుకో.

లోపల నల్ల బంకతో అతికించిన ప్లాస్టిక్ షీటు ఉంటుంది. దాన్ని చింపకు, పారెయ్యకు. అద్దం పక్కనుంచి వాన నీళ్లు ఎప్పుడూ తలుపులోకి దిగుతాయి, తలుపు అడుగున ఉన్న కంతల్లోంచి పోతాయి. ఆ షీటు లేకపోతే నీళ్లన్నీ ప్యాడ్‌కు పట్టి, కారియర్లు పెట్టే చోటంతా వాసనొస్తుంది. విప్పావు గనక ఆ కంతలు కూడా సన్నటి తీగతో పొడిచి శుభ్రం చెయ్యి.

అద్దాన్ని రెండు అరచేతుల మధ్య నొక్కిపట్టి పైకి లాగి, వెడల్పాటి టేప్‌తో ఫ్రేము మీదుగా లోపలా బయటా అతికించు. ఇది చెయ్యకుండా ఏ బోల్టూ ముట్టుకోకు. అద్దం జారితే వేళ్లు పోతాయి. గ్లౌజులు తప్పకుండా వేసుకో, లోపలి రేకు అంచులు బ్లేడంత పదును. ధనుంజయ షెడ్డులో ఏమైందో గుర్తుంది కదా, ఇప్పటికీ మీ అమ్మ నన్నే అంటుంది. కొన్ని బండ్లలో కేబుల్ బదులు కత్తెర టైపు ఇనప చేతులు ఉంటాయి, దానికి బలమైన స్ప్రింగు. అది కనపడితే ఆపేసి నాకు వీడియో కాల్ చెయ్యి, మోటారు విప్పకు. రివెట్లు కొట్టి ఉన్నా అంతే.

పాత రెగ్యులేటర్ చేత్తో పట్టుకుని జేసీ రోడ్డులో స్పేర్ పార్టుల షాపులకు వెళ్లు. కుడికీ ఎడమకీ తేడా ఉంటుంది, పక్కన పెట్టి పోల్చుకుని కొను. మోటారు నీ పాతదే వేసుకో. వాళ్లు రెండూ కలిపి అమ్మాలని చూస్తారు. బిగించేటప్పుడు బోల్టులు కొంచెం వదులుగా ఉంచి, అద్దం పూర్తిగా పైకి పంపి, నిటారుగా కూర్చున్నాక బిగించు. అప్పుడు ప్యాడ్ వెయ్యి. రబ్బరు బీడింగులో సిలికాన్ స్ప్రే కొట్టు. ఇంజిన్ ఆయిలు, కొబ్బరి నూనె వద్దు, రబ్బరు ఉబ్బుతుంది. ఇదంతా ఖాళీ కడుపుతో మొదలుపెట్టకు. ఒక్కదానివే కూడా చెయ్యకు, పక్కన ఆ కేరళ అమ్మాయిని పెట్టుకో.

గ్యారేజీ వాడు చెప్పిన అంకె శీను నాకు చెప్పాడు. ఆ అంకె విని, ఇక ఈ బండి నావల్ల కాదనుకుని ఉంటే, అది బండి తప్పు కాదు. కారం దోసెల దగ్గర మొదలుపెట్టి రెండు ఆఫీసులకు భోజనాలు పంపే దాకా తెచ్చింది ఆ వ్యాన్ మీదే కదా. ఒకవేళ అద్దం కాదు, కంతులు కట్టడం కష్టమైతే అది చెప్పు. ఫోన్‌లో చెప్పలేకపోతే మెసేజ్ పెట్టు, మీ అమ్మకు చూపించను. ఈసారి వరి చేతికొచ్చింది, నా దగ్గర ఉంది. ఆ యాప్‌లలో మాత్రం అప్పు తియ్యకు తల్లీ. ఉద్యోగం ఎందుకు మానావని ఈ ఇంట్లో ఎవరూ అనరు. నాయనమ్మ అయితే వచ్చినవాళ్లందరికీ నా మనవరాలు బెంగళూరులో అంతమందికి అన్నం పెడుతోందని చెబుతోంది.

పచ్చడి మీద నూనె తేలేలా చూసుకో, తడి స్పూను పెట్టకు. మలై కాజా ముందు తినేయ్, అది ఆగదు.

నీకు కుదరదనుకుంటే తలుపు ముట్టుకోకుండా వదిలెయ్. అద్దం పైకి లాగి టేప్ వేసి ఉంచు, నేను శుక్రవారం రాత్రి బస్సెక్కుతాను, పానలు, టెస్ట్ ల్యాంప్ నేనే తెచ్చుకుంటాను. ఇల్లు పాతదేనా? మారి ఉంటే కొత్త అడ్రసు, దగ్గర్లో దిగాల్సిన స్టాపు పేరు పంపు.

ఇట్లు,
నాన్న