టెండరు వేసే రోజున తోడు కావాలి

ఎడిటర్ గారికి నమస్కారం.

ఎగుమతుల ప్రోత్సాహానికి కేంద్రం 2025 నవంబరులో ఆరేళ్లకు గాను 25,060 కోట్ల రూపాయల మిషన్‌కు ఆమోదం తెలిపింది. బట్టలు, తోలు, నగలు, ఇంజినీరింగ్ సామాను, రొయ్యలూ చేపలూ ముందు వరసలో ఉన్నాయి. అమెరికా సుంకాల దెబ్బ తిన్నవాళ్లు వాళ్లే కాబట్టి అది న్యాయమే. కానీ ఒక బిల్డింగు ప్లాను గీసి పరాయి దేశానికి పంపితే అదీ ఎగుమతే కదా, మా సంగతి ఎవరు చూస్తారు?

బర్కత్‌పురలో తొమ్మిది మందితో ఆర్కిటెక్చర్ ఆఫీసు నడుపుతున్నాను. రెండేళ్ల కిందట తూర్పు ఆఫ్రికాలో ఒక ఆస్పత్రి డిజైన్‌కు టెండరు పడితే, జిల్లా ఆస్పత్రులు రెండు చేసిన అనుభవం ఉంది కదా అని నెల రోజులు రాత్రింబవళ్లు కూర్చుని డ్రాయింగులు తయారుచేశాం. ఓపీ నుంచి వార్డుకు స్ట్రెచర్ ఎక్కడా మెట్టు తగలకుండా వెళ్లాలని ఒక్క ర్యాంపునే ఐదుసార్లు మార్చి గీసింది మా ఆఫీసు అమ్మాయి ఒకామె, ఉద్యోగంలో చేరి ఏడాది కూడా కాలేదు అప్పటికి. తీరా బిడ్ సెక్యూరిటీ, అంటే టెండరుతో పాటు హామీగా పెట్టాల్సిన బ్యాంకు గ్యారంటీ కోసం వెళ్తే, గ్యారంటీ ఎంతో అంత మొత్తం ఫిక్స్‌డ్ డిపాజిట్ చేయమంది బ్యాంకు. మా డిజైన్‌లో తప్పు జరిగితే పరిహారం కట్టే ఇన్సూరెన్స్ విదేశీ పనికి వర్తించాలంటే ప్రీమియం మా ఆఫీసు రెండు నెలల జీతాలంత అయింది. అప్పు చేసి అవి రెండూ కట్టినా, ఏటా కనీసం ఇంత వ్యాపారం చేసి ఉండాలన్న టర్నోవర్ షరతు దగ్గర ఆగిపోతాం. టెండరు వేయలేదు. ఆ డ్రాయింగుల చుట్ట ఇప్పటికీ బీరువా మీదే ఉంది.

సర్కారు ఏమీ చేయలేదని అనను. పని ఇచ్చినవాళ్లూ బిల్డింగూ విదేశంలో ఉండి ఫీజు విదేశీ కరెన్సీలో వస్తే, ఎల్‌యూటీ అనే హామీ పత్రం దాఖలు చేసుకుంటే చాలు, జీఎస్టీ కట్టక్కర్లేదు. 2015 నాటి విదేశీ వాణిజ్య విధానంలో సేవల ఎగుమతిదారులకు ఒక పథకం ఉండేది, మేం సంపాదించిన నికర విదేశీ మారకం మీద కొంత శాతం తిరిగి ఇచ్చేవారు. 2023 విధానంలో అది లేదు. ఉన్నా అది ఫీజు చేతికొచ్చాక ఇచ్చే బహుమానం. మాకు టెన్షన్ అంతా అంతకు ముందే, టెండరు వేసే రోజునే.

ప్రభుత్వం వెనక నిలబడితే ఎలా ఉంటుందో మన తెలుగువాళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు. అమరావతి మాస్టర్ ప్లాన్ సంగతి గుర్తు చేసుకోండి. 2014 డిసెంబరులో ఒప్పందం మీద సంతకం పెట్టింది ఒక డిజైన్ కంపెనీ కాదు, సింగపూర్ సర్కారు వాణిజ్య సంస్థ ఐఈ సింగపూర్. ప్లాను గీసింది సుర్బానా, జురాంగ్ అనే సింగపూర్ కంపెనీలు. తర్వాత రాజధానిలో ఏం జరిగిందన్న రాజకీయం పక్కన పెడితే, తమవాళ్లకు పని ఇప్పించడానికి ఆ దేశం మంత్రులే కదిలి వచ్చారు. ఫ్రాన్స్‌లో ఏఎఫ్ఈఎక్స్, జర్మనీలో ఎన్ఏఎక్స్ అని ఆర్కిటెక్టుల విదేశీ పనుల కోసమే సంస్థలు ఉన్నాయి.

అంతెందుకు, ఉస్మానియా యూనివర్సిటీ కట్టే ముందు జైన్ యార్ జంగ్, సయ్యద్ అలీ రజా అనే ఇద్దరిని నిజాం సర్కారు తన ఖర్చుతో దేశదేశాలు తిప్పింది. ఆర్ట్స్ కాలేజీ ఆ ప్రయాణాల ఫలమే. అప్పుడు చూసి నేర్చుకోవడానికి పంపారు, ఇప్పుడు పని తెచ్చుకోవడానికి పంపితే చాలు.

ఇదే హైదరాబాద్‌లో రాత్రి షిఫ్టుల్లో మన పిల్లలు అమెరికా కంపెనీల బిల్డింగులకు గంటల లెక్కన డ్రాయింగులు గీస్తున్నారు. తలుపు గొళ్లెం దాకా వివరంగా గీసేది వీళ్లు, షీటు మూలన టైటిల్ బ్లాక్‌లో ఉండేది వేరే కంపెనీ పేరు. ఆ జీతాలతో ఇళ్లు గడుస్తున్నాయి, కాదనను. కానీ అంత చేయగలిగినవాళ్లు సొంత పేరుతో ఒక్క స్కూలు బిల్డింగుకు పోటీ పడలేకపోవడం నాకు చాలా బాధగా ఉంటుంది.

స్టార్టప్‌ల కోసం టీ-హబ్ కట్టిన రాష్ట్రం మనది. మాకు భవనం అక్కర్లేదు. చిన్న ఆఫీసుల బిడ్ సెక్యూరిటీకి రాష్ట్రం ఒక గ్యారంటీ నిధి పెట్టాలి, ఇన్సూరెన్స్‌ను అందరికీ కలిపి గ్రూప్ పాలసీగా తీసుకునే ఏర్పాటు చేయాలి, నలుగురైదుగురం కలిసి టెండరు వేయడానికి కావలసిన కాగితాలు చూసే ఒక అధికారిని పరిశ్రమల శాఖలో కూర్చోబెట్టాలి. ఎగుమతి దిగుమతుల కోసం కేంద్రం నడిపే మన ఎగ్జిమ్ బ్యాంకు ఆఫ్రికా దేశాలకు ఇచ్చే రుణాల్లో సాధారణంగా 75 శాతం సరుకులు, సేవలు మన దేశం నుంచే కొనాలన్న షరతు ఉంటుంది. ఆ పనుల కబురు పెద్ద కాంట్రాక్టర్లకు ఎంత ముందు తెలుస్తుందో మాకూ అంతే ముందు తెలిసేలా చేయాలి. పని గెలవడం గెలవకపోవడం మా చేతిలో ఉంటుంది, ఆ పోటీలో నిలబడనిస్తే.

ఇట్లు,
ఒక ఆర్కిటెక్ట్,
బర్కత్‌పుర, హైదరాబాద్