తుమ్మముళ్ళు గుచ్చిన ఫైళ్ళు

ఒరేయ్ బావా,

ఎలా ఉన్నావు, చెల్లెమ్మా పిల్లలూ బావున్నారా. ఫోన్లో ఎప్పుడు మాట్లాడినా పది నిమిషాలకే నిన్ను ఎవరో ఒకరు పిలుస్తారు, అందుకే ఈసారి తీరిగ్గా కూర్చుని టైప్ చేస్తున్నా, నువ్వూ తీరిగ్గానే చదువు. మొన్న పాకిస్తాన్ గురించి మాట్లాడుకుంటుంటే నువ్వో మాటన్నావు, జెండా ఎగరేశారు సరే, మర్నాడు పొద్దున ఆఫీసుకెళ్ళిన గుమస్తా ఏ కుర్చీలో కూర్చున్నాడ్రా, అతనికి జీతం ఎవరిచ్చారు అని. అప్పట్నుంచి అదే పనిగా చదువుతున్నా. యుద్ధాలు, క్రికెట్ మ్యాచులు, టీవీలో అరుపులు తప్ప ఆ దేశం మొదటి నాలుగేళ్ళు ఎలా గడిచాయో మనకి ఎవరూ చెప్పలేదు, చదువుతుంటే గుండె బరువెక్కిపోయింది.

ముందు టైం ఎంతుందో చూడు. విభజన ప్లాన్ ప్రకటించింది 1947 జూన్ 3న, కరాచీలో మౌంట్‌బాటెన్ అధికారం అప్పగించింది ఆగస్టు 14న, మధ్యలో 72 రోజులు, అంతే. సరిహద్దు గీసే పని మీద రాడ్‌క్లిఫ్ అనే బ్రిటిష్ లాయరు ఢిల్లీలో దిగిందే జూలై 8న, అంతకుముందు మన దేశం మొహం కూడా చూడని మనిషి ఆయన, ఐదు వారాల్లో పంజాబునీ బెంగాల్‌నీ రెండిటినీ కోసిచ్చేశాడు. తీరా ఆ గీత జనానికి చూపించింది ఎప్పుడనుకున్నావు, ఆగస్టు 17న. అంటే రెండు దేశాలకీ స్వాతంత్ర్యం వచ్చేసింది గానీ ఏ ఊరు ఎటో ఊళ్ళో వాళ్ళకే తెలీదు. గురుదాస్‌పూర్ జిల్లాని తాత్కాలికంగా పాకిస్తాన్ వైపు చూపించారు, గీత బయటికొచ్చేసరికి అందులో ఎక్కువ భాగం ఇండియాకి వచ్చేసింది, ఆ మూడు రోజులూ ఏ జెండాకి దణ్ణం పెట్టాలో తెలీని మనుషులు ఎలా నిద్రపోయారో ఆలోచిస్తేనే భయమేస్తుంది.

రాజధాని కరాచీ. అప్పటికది నాలుగు లక్షల పైచిలుకు జనాభా ఉన్న రేవు పట్నం, సింధ్ రాష్ట్రానికి మాత్రమే సరిపడా ఆఫీసులున్న ఊరు, దాంట్లో ఒక కేంద్ర ప్రభుత్వం వచ్చి కూర్చోవాలి. మిలిటరీ బారకాసుల్లో కొన్ని శాఖలు, టెంటుల్లో కొన్ని, బల్లల్లేక సామాన్లొచ్చిన చెక్కపెట్టెల్నే బోర్లించి రాసుకున్నారట. కాగితాలకి గుచ్చడానికి గుండుసూదులు కూడా లేకపోతే బయట తుమ్మచెట్ల ముళ్ళు కోసుకొచ్చి ఫైళ్ళకి గుచ్చారని అప్పట్లో పనిచేసినవాళ్ళు జీవితాంతం చెప్పుకున్నారు. నువ్వడిగిన గుమస్తా ఆయనే బావా. ఢిల్లీ నుంచి ఆ గుమస్తాల్ని స్పెషల్ రైళ్ళలో తరలించబోతే దార్లో రైళ్ళ మీద దాడులు జరిగాయి, మనుషులూ పోయారు ఫైళ్ళూ పోయాయి, ఆ తర్వాత మిగిలినవాళ్ళని విమానాల్లో తీసుకెళ్ళాల్సొచ్చింది. ఆ విమానం దిగి టెంటులో కూర్చుని ఫైలు తెరిచినవాళ్ళలో ఇంట్లోవాళ్ళు ఎక్కడున్నారో తెలీనివాళ్ళు ఎంతమందో.

మన రాష్ట్రం 2014లో రెండయినప్పుడు గుర్తు తెచ్చుకో. 58, 42 అని లెక్కలు, ఉద్యోగుల ఆప్షన్లు, బిల్డింగులు ఎవరివి, కార్పొరేషన్లు ఎవరివి, పదేళ్ళు దాటినా తొమ్మిదో షెడ్యూల్, పదో షెడ్యూల్ పంచాయితీ పూర్తిగా తెగలేదు. అదీ ఒకే దేశంలో, ఒకే కోర్టుల కింద, రాత్రికి రాత్రి ఇల్లొదిలి పారిపోయే పరిస్థితి ఎవరికీ రాకుండా. వాళ్ళు సైన్యాన్నీ ఖజానానీ రైలింజన్లనీ టైపురైటర్లనీ రెండు నెలల్లో పంచుకోవాలి, బయట ఊళ్ళు తగలబడుతున్నాయి.

ఇక డబ్బు సంగతి. ఉమ్మడి ఖజానాలో ఉన్న నగదులో పాకిస్తాన్ వాటా 75 కోట్లని తేల్చారు, మొదట్లోనే ఒక 20 కోట్లు ఇచ్చారు, మిగతా 55 కోట్లు ఇచ్చేలోపు కాశ్మీర్‌లో యుద్ధం మొదలైంది, ఇప్పుడిస్తే ఆ డబ్బుతోనే మన మీద తుపాకులు కొంటారని మన ప్రభుత్వం ఆపేసింది. ఆ భయం అర్థం లేనిది అని నేననను. కానీ అటువైపు నిలబడి చూస్తే, పుట్టి అయిదు నెలలు కాని దేశానికి జీతాలివ్వడానికే కటకట. 1948 జనవరి 13న గాంధీగారు నిరాహారదీక్షకి కూర్చున్నారు, ఢిల్లీలో ముస్లింల మీద దాడులు ఆగాలని, రెండు మతాలవాళ్ళూ కలిసుండాలని ఆయన పట్టు, అది మొదలైన రెండ్రోజులకే ఆ 55 కోట్లు ఇచ్చేస్తామని ప్రభుత్వం ప్రకటించింది. 18న దీక్ష విరమించారు, 30న ఆయన్ని చంపేశారు. మాటిచ్చిన డబ్బు పక్కదేశానికైనా సరే ఇవ్వాల్సిందే అనుకున్న మనిషి మనకి ఉండేవాడని నాకు ఇప్పటికీ గర్వంగానే ఉంటుంది.

నోట్ల కథ విను. కొత్త దేశానికి సొంత నోటు అచ్చేసుకునే ప్రెస్సు లేదు, అందుకని మన రిజర్వ్ బ్యాంకే కొన్నాళ్ళు ఇద్దరికీ బ్యాంకు. 1948 ఏప్రిల్ నుంచి అక్కడ చలామణీలోకి వచ్చిన నోటు ఫొటో చూశా, మన నాసిక్‌లో అచ్చయిన నోటే, ఆరో జార్జి రాజు బొమ్మ, రిజర్వ్ బ్యాంక్ ఆఫ్ ఇండియా అనే పేరు అన్నీ అలాగే ఉన్నాయి, తెల్లగా ఖాళీ ఉన్న చోట పైన ఇంగ్లీషులో గవర్నమెంట్ ఆఫ్ పాకిస్తాన్, కింద ఉర్దూలో హుకూమత్-ఎ-పాకిస్తాన్ అని అచ్చుగుద్దారు. రెండు దేశాల పేర్లూ ఒకే నోటు మీద! పోస్టు స్టాంపులూ అంతే, పాత ఇండియా స్టాంపుల మీద పాకిస్తాన్ అని ముద్రేసి అమ్మారు. జూలై 1న సొంత స్టేట్ బ్యాంకు తెరిచారు, దాన్ని ప్రారంభించింది ఆ దేశం మొదటి గవర్నర్ జనరల్ జిన్నా, అప్పటికే టీబీ ఆయన్ని తినేసింది, అదే ఆయన ఆఖరి బహిరంగ సభ.

ఈ డబ్బు కథలో మన హైదరాబాద్ ఎంతుందో తెలిస్తే ఆశ్చర్యపోతావు. పాకిస్తాన్ మొదటి ఆర్థికమంత్రి గులాం మహమ్మద్ అంతకుముందు నిజాం దగ్గర ఆర్థికమంత్రిగా చేసినాయనే. ఇంకో సంగతి, 1945లో మహీంద్రా అన్నదమ్ములతో కలిసి కంపెనీ పెట్టిందీ ఆయనే, దాని పేరు మహీంద్రా అండ్ మహమ్మద్, ఆయన అటెళ్ళిపోయాక అది మహీంద్రా అండ్ మహీంద్రా అయింది, మన ఊళ్ళో తిరిగే ట్రాక్టర్లు ఆ కంపెనీవే. నిజాం ప్రభుత్వం 20 కోట్ల విలువైన ఇండియా ప్రభుత్వ బాండ్లని పాకిస్తాన్‌కి అప్పుగా ఇవ్వడం మీద ఢిల్లీకీ హైదరాబాద్‌కీ పెద్ద గొడవే నడిచింది. జిన్నా పోయింది 1948 సెప్టెంబర్ 11 రాత్రి, పోలీసు యాక్షన్ మొదలైంది 13న. సరిగ్గా ఆ రోజుల్లోనే లండన్ బ్యాంకులో ఉన్న నిజాం ప్రభుత్వ సొమ్ము పది లక్షల పౌన్ల పైచిలుకు అక్కడి పాకిస్తాన్ హైకమిషనర్ పేరు మీదకి మారింది, ఆ లావాదేవీ మీద కేసు నడిచీ నడిచీ 2019లో తీర్పొచ్చింది, అప్పటికి అది మూడున్నర కోట్ల పౌన్లయింది, ఇండియాకీ నిజాం వారసులకీ చెందుతుందని కోర్టు తేల్చింది. అటు వెళ్ళినవాళ్ళ కోసం కరాచీలో హైదరాబాద్ కాలనీ అని ఒకటుంది, అక్కడ ఇప్పటికీ మన బగారా బైంగన్, ఖట్టీ దాల్, పచ్చళ్ళు అమ్ముతారు.

కాందిశీకుల సంగతి రాయాలంటే చెయ్యి ఆడట్లేదు. 1951 జనాభా లెక్కల్లో పాకిస్తాన్‌లో 70 లక్షల మందికి పైగా ఇటు నుంచి వెళ్ళినవాళ్ళే. దాదాపు అంతమందీ అటునుంచి మన వైపూ వచ్చారు, ఎవరి కన్నీళ్ళు ఎక్కువో తూచే పని మనకొద్దు. లాహోర్ పక్కన వాల్టన్ క్యాంపులో కలరా, ఆకలి, పుళ్ళు పడ్డ గాయాలు. నర్సులు చాలరు. ప్రధాని లియాఖత్ అలీ ఖాన్ భార్య రానా గారు ఆడవాళ్ళని పోగుచేసి, గడప దాటని ఇళ్ళ పిల్లల్ని కూడా ఒప్పించి, కట్లు కట్టడం, మందులివ్వడం, తప్పిపోయిన పిల్లల్ని చూసుకోవడం నేర్పించి క్యాంపుల్లోకి పంపారు. ఆ దేశాన్ని ఆ మొదటి చలికాలం దాటించింది ముఖ్యంగా ఈ ఆడవాళ్ళూ, ఆ ముళ్ళు గుచ్చుకున్న గుమస్తాలూ అనే నా నమ్మకం.

నీళ్ళు మాత్రం నీకు బాగా అర్థమవుతాయి, కాలవ కింద వ్యవసాయం చేసినోడివి. పంజాబు కాలవలు పారేది పాకిస్తాన్ పొలాల్లో, కొన్నిటికి నీళ్ళు వదిలే హెడ్‌వర్క్స్ మాధోపూర్, ఫిరోజ్‌పూర్‌లో, అంటే ఇండియాలో. తాత్కాలిక ఒప్పందం 1948 మార్చి 31తో అయిపోయింది, మర్నాడే తూర్పు పంజాబ్ ప్రభుత్వం గేట్లు దించేసింది. విత్తనాలేసే అదును, దుక్కి దున్ని ఉంది, కాలవలో అడుగు కనపడుతోంది. మే 4న ఢిల్లీలో ఒప్పందం కుదిరాక గానీ కుదుటపడలేదు, అసలు పరిష్కారం సింధు జలాల ఒప్పందం 1960లో. పై రాష్ట్రం గేటు దించితే కింద రైతు గుండె ఎలా కొట్టుకుంటుందో కృష్ణా ఆయకట్టు వాళ్ళకి ఎవరూ చెప్పక్కర్లేదు. పాకిస్తాన్ తూర్పు ముక్కలో, అంటే ఇప్పటి బంగ్లాదేశ్‌లో, ఇంకో తమాషా కాని తమాషా, ప్రపంచంలో దొరికే జనపనారలో పెద్ద వాటా తూర్పు బెంగాల్లో పండుతుంది, దాన్ని గోనెసంచులు చేసే మిల్లులన్నీ కలకత్తా పక్కన, తూర్పు బెంగాల్లో చెప్పుకోడానికి ఒక్క మిల్లు లేదు. 1951కి నారాయణ్‌గంజ్‌లో ఆదంజీ మిల్లు వచ్చేదాకా అంతే.

జిన్నా చివరి ప్రయాణం చదివినప్పుడు రాజకీయాలన్నీ పక్కకెళ్ళిపోయాయి నాకు. క్వెట్టా నుంచి విమానంలో కరాచీ తెచ్చారు, విమానాశ్రయం నుంచి తీసుకెళ్ళే అంబులెన్సు దారిలో ఆగిపోయింది, ఇంకోటి వచ్చేదాకా దాదాపు గంటసేపు ఆ ఎండలో, ఉక్కలో, రోడ్డు పక్కన. చుట్టూ కాందిశీకుల గుడిసెలు. మొహం మీద వాలే ఈగల్ని నర్సు ఓ అట్టముక్కతో విసురుతూ తోలింది, చెల్లెలు ఫాతిమా పక్కనే ఉంది. ఆ రాత్రే పోయాడు. మూడేళ్ళకి, 1951 అక్టోబర్ 16న రావల్పిండిలో లియాఖత్‌ని సభలోనే కాల్చేశారు.

ఇంత చదివాక నాకు తేలిందొకటే. లేమితో వాళ్ళు గట్టిగానే పోరాడారు, గెలిచారు కూడా. ఓడిపోయింది వేరే చోట. 1947 ఆగస్టు 11న జిన్నాయే రాజ్యాంగసభలో మీ గుళ్ళకి మీరు వెళ్ళొచ్చు, మీ మసీదులకి మీరు వెళ్ళొచ్చు, మీ మతంతో రాజ్యానికి పనిలేదు అన్నాడు. ఆ రాజ్యాంగసభకి మొదట అధ్యక్షత వహించింది జోగేంద్రనాథ్ మండల్, దళితుడు, మొదటి న్యాయశాఖ మంత్రీ ఆయనే. 1950లో తూర్పు బెంగాల్లో హిందువుల మీద దాడులు చూసి మనసు విరిగి రాజీనామా చేసి ఇండియా వచ్చేశాడు. సగం పైన జనాభా బెంగాలీ మాట్లాడతారు, కాబట్టి సభలో బెంగాలీ కూడా వాడనివ్వండని 1948 ఫిబ్రవరిలో తూర్పు బెంగాల్ సభ్యుడు ధీరేంద్రనాథ్ దత్తా అడిగాడు, ఒప్పుకోలేదు. మార్చిలో జిన్నా ఢాకా వెళ్ళి రాజభాష ఉర్దూ ఒక్కటే అని చెప్పొచ్చాడు. 1952 ఫిబ్రవరి 21న ఢాకాలో భాష కోసం రోడ్డెక్కిన కుర్రాళ్ళ మీద పోలీసు కాల్పులు. అదే ఏడాది డిసెంబర్‌లో మనదగ్గర పొట్టి శ్రీరాములు గారు పోయారు, ఢిల్లీ ఆలస్యంగానైనా విన్నది, రాష్ట్రం ఇచ్చింది. బెంగాలీకి గుర్తింపు ఇవ్వడానికి వాళ్ళు 1956 దాకా సాగదీశారు, రాజ్యాంగం కూడా అప్పుడే, పుట్టిన తొమ్మిదో ఏట. మధ్యలో 1954లో రాజ్యాంగసభనే రద్దు చేసేసిన గవర్నర్ జనరల్ ఎవరనుకున్నావు, మన గులాం మహమ్మదే. 1958కల్లా మార్షల్ లా. వయోజనులందరూ ఓటేసిన మొదటి సాధారణ ఎన్నికలు 1970లో, అందులో తూర్పువాళ్ళు గెలిస్తే కుర్చీ ఇవ్వలేదు. ఆ దత్తా గారు ఎనభై దాటిన ముసలాయన, 1971 మార్చిలో కొమిల్లాలో ఇంట్లోంచి సైన్యం తీసుకెళ్ళి చంపేసింది. బెంగాలీ అడిగినందుకు ఇరవై మూడేళ్ళు గుర్తుపెట్టుకున్నారు బావా, ఇది మాత్రం నేను జీర్ణించుకోలేకపోతున్నా.

అన్నట్టు కాగజ్‌నగర్ వైపు తూర్పు పాకిస్తాన్ నుంచి వచ్చిన బెంగాలీ కాందిశీకుల ఊళ్ళున్నాయి కదా, చెరువులో చేపలు పెంచుకుంటూ మనవాళ్ళలో కలిసిపోయారు. సంక్రాంతి తర్వాత నీకు పని తగ్గుతుంది, ఇద్దరం వెళ్దాం, పెద్దవాళ్ళెవరైనా మాట్లాడితే కూర్చుని విందాం. ఏ వారమో చూసి చెప్పు, రైలు టికెట్లు నేను తీస్తా. పిల్లలకి ముద్దులు, చెల్లెమ్మని అడిగానని చెప్పు.

నీ
బావ