అరుదైన వ్యాధుల నడక నిర్వహణపై ఫిర్యాదు

హైదరాబాద్,
మార్చి 5, 2025

ఈవెంట్ నిర్వహణ సంస్థ మేనేజింగ్ డైరెక్టర్ గారికి,

విషయం: ఫిబ్రవరి 23 ఆదివారం నెక్లెస్ రోడ్డులో జరిగిన 5 కిలోమీటర్ల నిధి నడకలో లోపాలు, వసూళ్ల లెక్క

అయ్యా,

నడక ఉదయం 6:30కి అని మెసేజ్ పంపి, ముఖ్య అతిథి కోసం ఆపి 7:50కి జెండా ఊపించారు. వేరే నడకల్లో అయితే విసుక్కుని ఊరుకునేవాళ్లం. ఇక్కడికి గ్లైకోజన్ స్టోరేజ్ వ్యాధి ఉన్న పిల్లలు వచ్చారు. ఆ వ్యాధి మొదటి రకంలో కాలేయం దాచుకున్న చక్కెరను రక్తంలోకి వదల్లేదు. అందుకే మూడు నాలుగు గంటలకోసారి పచ్చి కార్న్‌ఫ్లోర్‌ను నీళ్లలో కలిపి, గడియారం చూసి మరీ పట్టిస్తారు. కన్నవాళ్లు ఆ డోసును మీరు చెప్పిన టైముకే లెక్కేసుకున్నారు. తూచి తెచ్చిన పిండి పొట్లాలున్న సంచులేమో భద్రత పేరుతో మీ వలంటీర్లు కౌంటర్‌లో పెట్టించారు. నడక అయ్యాకే తిరిగిచ్చారు. అంబులెన్స్‌లో గ్లూకోమీటర్ ఉంది, స్ట్రిప్స్ లేవు! మందుల సంచికి వేరే రంగు ట్యాగ్ కట్టి మనిషితోనే పంపాలి. ఆలస్యమైతే అతిథి తర్వాత కలుస్తారు, నడక ఆగకూడదు.

కిట్‌లో డైట్ కూల్‌డ్రింక్, ప్రోటీన్ బార్ పెట్టారు. పీకేయూ (ఫినైలలనిన్ అనే పదార్థాన్ని ఒళ్లు విరగ్గొట్టలేని వ్యాధి) ఉన్నవాళ్లకు రెండూ పనికిరావు: డైట్ డ్రింకుల్లో తీపి కోసం కలిపే ఆస్పర్టేమ్‌లో ఫినైలలనిన్ ఉంటుంది, ప్రోటీన్‌లోనూ ఉంటుంది. ఆ హెచ్చరిక డబ్బా మీదే అచ్చయి ఉంది, కొన్నవాళ్లు చదవలేదంతే. రిజిస్ట్రేషన్ ఫారంలో ఆహార నియమాల గడి ఒక్కటుంటే సరిపోయేది. ట్రకియాస్టమీ గొట్టంతో, అంటే మెడ దగ్గర రంధ్రం చేసి అమర్చిన గొట్టంతో, ఊపిరి తీసే పిల్లల పక్కనే రంగు పొగ వదలడం గురించి వేరే చెప్పాలా?

వేదిక ఎత్తు రెండడుగులు. అడుగు ఎత్తుకు పన్నెండడుగుల వాలు చొప్పున ర్యాంప్ ఇరవై నాలుగడుగులు ఉండాలి. మీరు ఆనించింది ఆరడుగుల ప్లైవుడ్ చెక్క. మనిషితో కలిపి నూట యాభై కిలోలు దాటే పవర్ వీల్‌చెయిర్ దాని మీద ఎక్కితే చెక్క వంగుతుంది, కుర్చీ వెనక్కి తిరగబడుతుంది. బహుమతులు కింద ఇస్తే పోయేదిగా.

ఇక డబ్బు. 700 రూపాయల ఫీజులో ప్రతి రూపాయీ పరిశోధనకే అని ప్రకటించారు. యాంకర్ మాత్రం పిల్లలకు మందులు కొంటామన్నారు. ఏది నిజం? 2021 జాతీయ అరుదైన వ్యాధుల విధానం కింద చికిత్సకు 50 లక్షల వరకు సాయం ఉంది. ఎంజైమ్ మందుల డోసు బరువును బట్టి పెరుగుతుంది కాబట్టి, పిల్లలు ఎదిగేకొద్దీ ఆ సొమ్ము ఇట్టే కరిగిపోతుంది. అలాంటి కుటుంబాల ముందు మందుల మాట నోటికొచ్చినట్టు అనేది కాదు.

పైగా రసీదు మీ కంపెనీ పేరు మీద, జీఎస్టీతో వచ్చింది. అంటే టికెట్ అమ్మారు, విరాళం తీసుకోలేదు. 80జీ కింద ఆదాయపు పన్ను మినహాయింపు కావాలంటే విరాళం ఆ గుర్తింపు ఉన్న ట్రస్టుకు చేరాలి. ట్రస్టు మే 31లోగా విరాళాల వివరాలతో ఫారం 10బీడీ దాఖలు చేసి, దాతకు 10బీఈ ధ్రువపత్రం ఇవ్వాలి. దానికి దాత పాన్, ఆధార్ లాంటి గుర్తింపు నంబరు కావాలి. మీ ఫారంలో టీషర్టు సైజు అడిగారు గానీ అలాంటి నంబరేదీ అడగలేదు.

మొత్తం వసూలు, ఖర్చులు, మీ కమీషన్, ట్రస్టుకు బదిలీ చేసిన మొత్తం, తేదీ, పరిశోధన చేసే సంస్థ పేరు: ఇవన్నీ ఆడిటర్ సంతకంతో 15 రోజుల్లో రాతపూర్వకంగా పంపండి. 80జీ ఉందని నమ్మి కట్టినవాళ్లు అడిగితే ఫీజు వాపసు ఇవ్వండి. జవాబు రాకపోతే వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాం.

ఇట్లు,
అరుదైన వ్యాధులున్న పిల్లల తల్లిదండ్రుల బృందం