నెపం ఎండ మీద, సిమెంటు చెట్టు మొదట్లో

సంపాదకుడు గారికి,

రోడ్ల పక్కన చెట్లు ఎండిపోతున్నాయని పోయిన వారం జిల్లా పేజీలో వేశారు. సంతోషం. కిందనే అధికారుల వివరణా వేశారు: ఎండలు ముదిరాయట, ట్యాంకర్లతో నీళ్లు పోయిస్తున్నారట. తిరుపతిలో 40 డిగ్రీలు దాటడం ఈ ఏడే కొత్తా? ఎండకే చచ్చేటట్టయితే శేషాచలం రాళ్ల మీద ఎర్రచందనం ఏ ట్యాంకరు నీళ్లు తాగి బతుకుతోంది? వేసవికి ఆకు రాల్చి నీటి ఖర్చు తగ్గించుకుంటుంది, మళ్లీ చిగురిస్తుంది. ఎవరి వివరణా దానికి అక్కర్లేదు.

రోడ్డు వెడల్పు చేశాక చెట్ల మొదళ్లు ఎవరైనా వంగి చూశారా? మానుకు ఆనించి సిమెంటు పోశారు. వేరు నీళ్లు తాగడమే కాదు, గాలీ పీల్చాలి. మట్టి రేణువుల సందుల్లోని ఆక్సిజన్ అందితేనే వేరు కణాలకు శక్తి. అది లేకపోతే పక్కనే నీళ్లున్నా లవణాలున్నా లోపలికి లాగలేవు. రోలరు తొక్కించి, పైన కాంక్రీటు మూత వేశాక ఆ సందులెక్కడివి? పైగా నీళ్లు పీల్చే సన్నటి వేళ్లు చాలామటుకు పై రెండడుగుల మట్టిలోనే ఉంటాయి. అదీ మాను దగ్గర కాదు, కొమ్మల అంచు కిందా, ఆ అవతలా. ట్యాంకరు పైపు మాత్రం తెచ్చి మొదట్లో పెడతారు. నీళ్లు సిమెంటు మీద జారి కాలవలో కలుస్తాయి, బిల్లు చెట్టు పేరున రాస్తారు.

మొక్కప్పుడు కట్టిన ఇనుప తీగ, పెట్టిన కంచె ఏళ్లు గడిచినా తీయరు. చెట్టు ఎత్తు పెరిగేది కొసల్లోనే కాబట్టి తీగ కట్టినచోటే ఉంటుంది, మాను మాత్రం ఏటా లావెక్కుతుంది. ఆకులు తయారుచేసిన చక్కెర వేళ్లకు దిగేది బెరడు లోపలి అంచునుండే పోషక కణజాలంలో. తీగ బిగిస్తే ఆ దారి తెగుతుంది. తీగకు పైన ఉబ్బి, కింద సన్నగా ఉన్న మాను కనబడితే సంగతి అదే. నీళ్లు ఎక్కేది ఇంకా లోపలుండే దారువులో కాబట్టి ఆకులు నెలల తరబడి పచ్చగానే ఉంటాయి. వేళ్లు పస్తులుండి చచ్చాకే పైన వాడుతుంది. అప్పటికి ఏప్రిల్ వచ్చిందా, నెపం దొరికినట్టే! షాపు బోర్డుకు అడ్డమని రాత్రిపూట మాను చుట్టూ బెరడు గీకేసే మహానుభావులకు ఈ శాస్త్రం బాగా తెలుసు. తెలియనిదల్లా కాపాడాల్సిన వాళ్లకే.

ఇక నాటడం. 1950లో అప్పటి కేంద్ర వ్యవసాయ మంత్రి కె.ఎం. మున్షీ మొదలుపెట్టిన వనమహోత్సవం ఇప్పుడు ఫొటోల ఉత్సవం. అడుగు లోతు గుంత, అందులో కవరు కూడా తీయని మొక్క, పక్కన పదిమంది పెద్దలు. కవరులో చుట్టలు తిరిగిన వేరు నేలలోకి పోయినా చుట్టలే తిరుగుతుంది, పెద్దయ్యాక ఓ గాలివానకు పడిపోతుంది. రెండడుగుల పొడవు, వెడల్పు, లోతుతో గుంత తీయాలి. తీసిన మట్టిలో బాగా చివికిన పశువుల ఎరువు పది కిలోలు కలపాలి. కవరు కోసి పారేసి, చుట్టుకున్న వేళ్లు కత్తిరించి, కవరులో మట్టి ఎంతవరకుందో నేల మట్టం అక్కడికే వచ్చేలా నాటాలి. కాండం మీదికి మట్టి ఎగదోస్తే బెరడు కుళ్లుతుంది. ఇదంతా పదో తరగతి పిల్లలు చేయగలరు. టెండరు పిలిచి చేస్తే మాత్రం కుదరడం లేదు, ఏమిటో!

కరెంటు తీగల కోసం కొమ్మలు ఒకవైపే నరికి చెట్టును వాల్చే సంగతి రాయాలంటే ఇంకో ఉత్తరం కావాలి.

చెట్టు కొట్టాలంటే అనుమతి కావాలని 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం చెబుతోంది. ఊపిరాడకుండా చంపడానికి ఏ అనుమతీ అక్కర్లేదు కాబోలు. ఢిల్లీలో చెట్ల మొదళ్ల చుట్టూ మీటరు మేర కాంక్రీటు తీసేయమని 2013లోనే జాతీయ హరిత ట్రిబ్యునల్ ఆదేశించింది. మన చెట్ల వేళ్లు వేరే రకమా? మీటరు దూరం దాకా సిమెంటును గడ్డపారతో పగలగొట్టించండి, జేసీబీ వద్దు, వేళ్లు తెగుతాయి. గట్టిపడిన మట్టిని పైపైన గుల్ల చేసి, ఎండుటాకులు నాలుగంగుళాల మందాన, మానుకు తగలకుండా పరవండి. తీగలు కత్తిరించండి. బెరడులోకి పూర్తిగా దిగిపోయిన తీగను మాత్రం పెరకొద్దు, పైకి కనిపించినంత తుంచి వదిలేయండి. వానలు పడేలోగా ఇది మొదలుపెడితే ఇంకా పచ్చగా ఉన్నవాటిలో కొన్నయినా దక్కుతాయి.

– ఒక వృక్షశాస్త్ర అధ్యాపకుడు, తిరుపతి